పారేసిన ప్యాకెట్ వేరు, పాడైన ప్యాకెట్ వేరు

కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లోని ఒక హెడ్డాఫీసుకీ, జిల్లాలో ఉన్న దాని బ్రాంచికీ మధ్య నడిచే 2 ఎంబీపీఎస్ లీజు లైన్‌ను చూసుకునే పని నాకు ఉండేది. బ్రాంచి నుంచి ఎప్పుడూ రెండు ఫిర్యాదులు వచ్చేవి. పొద్దున పది నుంచి పదకొండు దాకా స్క్రీన్లు తెరుచుకోవడం లేదన్నది ఒకటి. రాత్రి బ్యాకప్ హైదరాబాద్ చేరకుండా మధ్యలోనే ఆగిపోతోందన్నది రెండోది. రెండింటికీ మేం పెట్టిన పేరు ఒకటే, "లైన్ స్లో". పేరు ఒకటి కావడంతో మందు కూడా ఒకటే అనుకున్నాం. ప్రొవైడర్‌కి ఫోన్ చేసేవాళ్ళం. వాళ్ళు "మా వైపు అంతా క్లియర్ సార్" అనేవాళ్ళు. మేం హైదరాబాద్‌లో కేబుల్ మార్చేవాళ్ళం. అదీ పని చేయక, చివరికి పక్కనే ఇంకో 2 ఎంబీపీఎస్ లైన్ వేయించుకుందామని కొటేషన్ అడిగాం. నెలన్నర ఇలాగే గడిచిపోయింది.

ఆ లైన్‌కి ఉన్నది రెండు వేర్వేరు జబ్బులు. రెండూ రౌటర్ తెర మీద ఒకే కమాండ్ కింద, నాలుగైదు వరుసల ఎడంలో, రోజూ కనబడుతూనే ఉన్నాయి. వాటిని విడదీసి చదవడం అప్పట్లో మాకు తెలియలేదు. ఇలాంటి సీరియల్ లైన్లు (బిట్లు ఒకదాని వెనక ఒకటి పోయేవి) ఇప్పుడు తగ్గిపోయాయి, చాలాచోట్ల ఫైబర్ మీద ఈథర్నెట్ వచ్చేసింది. కానీ కరెంటు సబ్‌స్టేషన్లలో, రైల్వేలో, కొన్ని పాత బ్యాంకు బ్రాంచిల్లో మాదాని లాంటి 2 ఎంబీపీఎస్ లైన్లు, ఈ1 అంటారు వాటిని, ఇంకా పని చేస్తున్నాయి. వాటిని చూసుకునే కుర్రాళ్ళకి ఈ తేడా చెప్పేవాళ్ళు తక్కువయ్యారు. అందుకే రాస్తున్నాను.

అప్ అని ఉన్నంత మాత్రాన

సిస్కో రౌటర్‌లో "షో ఇంటర్‌ఫేసెస్ సీరియల్" అని కొడితే పాతిక వరుసల దాకా వస్తాయి. చాలామంది మొదటి వరుస చదివి ఆపేస్తారు. "సీరియల్ అప్, లైన్ ప్రొటోకాల్ అప్" అని ఉంటే లైన్ బాగున్నట్టే లెక్క. నిజానికి ఆ వరుస చెప్పేది చాలా తక్కువ. మొదటి అప్ అంటే మన పక్కనున్న మోడెమ్ నుంచి క్యారియర్ సిగ్నల్ వస్తోందని. రెండో అప్ అంటే పది సెకన్లకోసారి రెండు రౌటర్లూ ఒకదానికొకటి పంపుకునే కీప్‌అలైవ్‌లు అందుతున్నాయని. ఆ కీప్‌అలైవ్ చాలా చిన్న ప్యాకెట్ (లైన్ మీద ఒక్కటిగా పోయే డేటా మూట). అది వరసగా మూడుసార్లు పోతే తప్ప ప్రొటోకాల్ డౌన్ అవదు. అంటే పెద్ద ప్యాకెట్లలో పదో వంతు చెడిపోతున్న లైన్ కూడా రోజుల తరబడి అప్, అప్ అనే చూపిస్తుంది.

అసలు సంగతి కింది వరుసల్లో ఉంటుంది. అక్కడ రెండు రకాల అంకెలు కనబడతాయి. ఒక చోట డ్రాప్స్, ఇంకో చోట ఎర్రర్లు. రెండూ పోయిన ప్యాకెట్ల లెక్కే కాబట్టి రెండింటినీ కలిపి "లాస్" అనేస్తాం. ఇక్కడే దారి తప్పుతాం.

డ్రాప్ అంటే రౌటర్ తన చేతులారా ఒక మంచి ప్యాకెట్‌ను పారేయడం. దానికి ఏ లోపమూ లేదు, పెట్టుకోవడానికి చోటు లేదంతే. ఎర్రర్ అంటే ప్యాకెట్ దారిలోనే పాడైపోయి రావడం. దాన్ని కూడా రౌటర్ అవతల పారేస్తుంది. కానీ తప్పు జరిగింది తీగ మీద, లేదా తీగకు రెండు చివర్లా ఉన్న పెట్టెల్లో. డ్రాప్స్ కోసం ప్రొవైడర్‌ని నిలదీస్తే వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, వాళ్ళ తీగ దాని పని అది చేస్తోంది. ఎర్రర్ల కోసం బ్యాండ్‌విడ్త్ కొంటే డబ్బు పోతుంది, పాడయ్యే ప్యాకెట్లు పోతూనే ఉంటాయి.

పెద్ద కాలువ, చిన్న తూము

ముందు డ్రాప్స్ సంగతి. ఇందులో తికమక తక్కువ, లెక్క తెలిస్తే చాలు.

1500 బైట్ల ప్యాకెట్ అంటే 12,000 బిట్లు. ఆఫీసు లోపలి 100 ఎంబీపీఎస్ లాన్ మీద అది రావడానికి పట్టే సమయం 0.12 మిల్లీసెకన్లు. అదే ప్యాకెట్ 2.048 ఎంబీపీఎస్ ఈ1 లైన్ ఎక్కడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు కావాలి. పాత 64 కేబీపీఎస్ లైన్ మీదైతే 187 మిల్లీసెకన్లకు పైనే. అంటే ఈ1 మీద ఒక్క ప్యాకెట్ బయటికి వెళ్ళేలోగా లాన్ వైపు నుంచి ఇంకో 48 ప్యాకెట్లు వచ్చి వెనక నిలబడగలవు. పెద్ద కాలువలోంచి వచ్చే నీళ్ళన్నీ చిన్న తూములోంచి పోవాలంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. తూము దగ్గర కొంత నిలవ చోటు ఉంటుంది. అదే క్యూ. అది నిండాక గట్టు దాటి పోయిందే "టోటల్ అవుట్‌పుట్ డ్రాప్స్".

ముందొచ్చింది ముందు పోయే మామూలు ఫిఫో క్యూ అయితే సిస్కో రౌటర్‌లో 40 ప్యాకెట్లకే చోటు ఉంటుంది. డ్రాప్స్ చూడగానే చాలామంది చేసే మొదటి పని "హోల్డ్ క్యూ" పెంచడం. 40ని 400 చేస్తారు. డ్రాప్స్ అంకె ఆగిపోతుంది, సమస్య తీరిందనుకుంటారు. కానీ ఈ1 మీద 400 పెద్ద ప్యాకెట్లు వరసలో ఉన్నాయంటే చివరి ప్యాకెట్ తన వంతు కోసం రెండు సెకన్లకు పైగా నిలబడాలి. 64 కేబీపీఎస్ లైన్ మీదైతే 40 ప్యాకెట్ల క్యూకే ఏడున్నర సెకన్లు పడుతుంది. ఈలోగా అవతలి కంప్యూటర్ ప్యాకెట్ పోయిందనుకుని మళ్ళీ పంపిస్తుంది. ఒకే డేటా రెండుసార్లు వరసలో నిలబడుతుంది. కౌంటర్ బాగుపడుతుంది, మనిషి పని మాత్రం ఇంకా ఆలస్యమవుతుంది. క్యూ పెంచడం నాకు నచ్చని వైద్యం. డ్రాప్ కనబడకుండా చేయడం వేరు, తగ్గించడం వేరు.

కొద్దిపాటి డ్రాప్స్ రోగం కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఫైళ్ళ, స్క్రీన్ల డేటాను మోసే టీసీపీ పని తీరే అంత. ప్యాకెట్ పోయేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది, పోగానే తగ్గుతుంది. నిండా వాడుతున్న లైన్ మీద కొన్ని డ్రాప్స్ ఉండడం సహజం. ఎప్పుడు పడుతున్నాయి, ఎవరివి పడుతున్నాయి అన్నదే చూడాల్సింది. 2.048 ఎంబీపీఎస్, అంతకంటే తక్కువ వేగం ఉన్న సీరియల్ లైన్ల మీద పాత ఐఓఎస్‌లో (సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్) వెయిటెడ్ ఫెయిర్ క్యూయింగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అది ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క వరస కడుతుంది కాబట్టి పెద్ద ఫైలు కాపీ చేసేవాడు చిన్న స్క్రీన్ తెరిచేవాడిని పూర్తిగా తొక్కేయలేడు. ఎవరో దాన్ని తీసేసి ఉంటే ముందు అది తిరిగి పెట్టండి. ఆ తర్వాత కూడా చాలకపోతే ముఖ్యమైన ట్రాఫిక్‌ని విడదీసి ముందు పంపేలా క్లాసులు కట్టాలి.

డ్రాప్స్ ఉన్నాయి కానీ లోడ్ నలభై శాతమే చూపిస్తోందని కొందరు ఆశ్చర్యపోతారు. ఆ లోడ్ అయిదు నిమిషాల సగటు. ఆ అయిదు నిమిషాల్లో పదేసి సెకన్ల పాటు నాలుగుసార్లు లైన్ నిండిపోయి ఉంటే సగటులో అది కరిగిపోతుంది. "లోడ్ ఇంటర్వెల్ 30" అని పెట్టి ముప్పై సెకన్ల సగటు చూస్తే బొమ్మ మారిపోతుంది.

ఇన్‌పుట్ క్యూలో పడే డ్రాప్స్ కథ వేరు. అక్కడ మామూలు హద్దు 75 ప్యాకెట్లు. అవి పడుతున్నాయంటే సాధారణంగా ప్రాసెసర్‌కి ఊపిరి ఆడడం లేదని అర్థం. లైన్ జోలికి పోకుండా ముందు సీపీయూ చూడండి.

ఏడు ఒకట్లు వరసగా వస్తే

ఎర్రర్లు చదవాలంటే తీగ మీద ప్యాకెట్ ఎలా ప్రయాణిస్తుందో కొంచెం తెలియాలి. నాకు ఈ భాగం అర్థమైన రోజున ఆ కౌంటర్ల పేర్లన్నీ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టినట్టు అనిపించింది.

సీరియల్ లైన్ మీద బిట్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. అందులో ప్యాకెట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని చెప్పడానికి హెచ్‌డీఎల్‌సీ అనే లైన్ ప్రొటోకాల్ ఒక గుర్తు పెట్టుకుంది: 01111110. దీన్ని ఫ్లాగ్ అంటారు. నడుమ ఆరు ఒకట్లు, రెండు పక్కలా సున్నా. మరి మన డేటాలోనే ఆరు ఒకట్లు వరసగా ఉంటే? అలా జరగకుండా పంపే వైపు ప్రతి అయిదు ఒకట్ల తర్వాత ఒక సున్నాను ఇరికిస్తుంది. అందుకునే వైపు దాన్ని పీకేస్తుంది. కాబట్టి మంచి లైన్ మీద ప్యాకెట్ లోపల అయిదుకు మించి ఒకట్లు వరసగా రావు. ఏడు, అంతకంటే ఎక్కువ వచ్చాయంటే ఆ ప్యాకెట్‌ను రద్దు చేసినట్టు లెక్క. దాన్నే "అబార్ట్" అని లెక్కపెడతారు. ప్యాకెట్ చివర్లో 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. అందుకున్న రౌటర్ మళ్ళీ లెక్కేసుకుని, అది సరిపోకపోతే "సీఆర్‌సీ" కౌంటర్‌ని ఒకటి పెంచుతుంది. రెండు ఫ్లాగ్‌ల మధ్య వచ్చిన బిట్లు ఎనిమిది చొప్పున బైట్లుగా విడగొడితే మిగులు తేలకూడదు. మిగిలితే అది "ఫ్రేమ్" ఎర్రర్.

ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడండి. ఒక బిట్ సున్నా నుంచి ఒకటిగానో, ఒకటి నుంచి సున్నాగానో మారితే ఎక్కువసార్లు సీఆర్‌సీ తప్పుతుంది కానీ బిట్ల సంఖ్య మారదు. కాబట్టి సీఆర్‌సీ బాగా పెరుగుతూ మిగతా రెండూ నామమాత్రంగా ఉంటే నా మొదటి అనుమానం రణగొణ మీద: వదులైన కనెక్టర్, తడిసిన జాయింట్, పవర్ కేబుల్ పక్కనే పోతున్న తీగ, సరిగా లేని ఎర్తింగ్. అలా కాక సీఆర్‌సీతో పాటు ఫ్రేమ్, అబార్ట్ కూడా పోటీపడి పెరుగుతుంటే బిట్లు మారడం లేదు, మాయమవుతున్నాయి లేదా కొత్తవి దూరుతున్నాయి. అప్పుడు క్లాక్‌ని, అంటే బిట్లకు వేళ చెప్పే గడియారాన్ని, అనుమానించాలి. ఇది రాతి మీద గీత కాదు, కానీ ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెబుతుంది.

అదే వరుసలో "ఓవర్‌రన్", "ఇగ్నోర్డ్" అని కూడా ఉంటాయి. అవి తీగ తప్పు కాదు. వచ్చిన వేగానికి రౌటర్ హార్డ్‌వేర్ అందుకోలేకపోయిందని, బఫర్లు చాలలేదని అర్థం. ఇన్‌పుట్ ఎర్రర్స్ అనే మొత్తంలో ఇవి కూడా కలిసిపోతాయి కాబట్టి మొత్తం ఒక్కటే చూసి ప్రొవైడర్‌కి టికెట్ పెట్టకండి.

ఎవరి తప్పు ఎవరి తెర మీద పడుతుంది

నేను చెప్పదలుచుకున్న వాటిలో అతి ముఖ్యమైనది ఇదే. సీరియల్ లైన్ అని ఏకవచనంలో అంటాం కానీ లోపల రెండు దారులున్నాయి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. ఒకటి బాగుండి రెండోది చెడిపోవచ్చు. ప్యాకెట్ బయటికి పంపేశాక అది ఎలా చేరిందో పంపిన రౌటర్‌కి తెలియదు. చెడింది అని తెలిసేది అందుకున్న రౌటర్‌కి మాత్రమే. కాబట్టి హైదరాబాద్ రౌటర్‌లో ఇన్‌పుట్ ఎర్రర్లు కనబడితే, లోపం బ్రాంచి నుంచి హైదరాబాద్ వచ్చే దారిలో ఎక్కడైనా ఉండవచ్చు, బ్రాంచి పంపే తీగ మొదటి అంగుళంతో సహా. అంకె కనబడిన ఊళ్ళోనే తప్పు ఉందని అనుకోవడం వల్ల ఎన్ని కేబుళ్ళు అనవసరంగా మారాయో లెక్కలేదు.

డ్రాప్స్‌ది సరిగ్గా దీనికి తలకిందులు. అవుట్‌పుట్ డ్రాప్స్ కనబడిన రౌటర్ దగ్గరే వరస పేరుకుంది. అక్కడే వెతకాలి.

మా లైన్‌ని ఇలా చదివితే ఏం తేలిందో చెబుతాను. హైదరాబాద్ రౌటర్‌లో సీఆర్‌సీ పెరుగుతోంది. బ్రాంచి రౌటర్‌లో ఇన్‌పుట్ ఎర్రర్లు ఒక్కటీ లేవు. అంటే బ్రాంచికి పోయే దారి శుభ్రంగా ఉంది, అక్కడి నుంచి వచ్చే దారి చెడింది. బ్యాకప్ నడిచేది కూడా ఆ దిక్కునే. మేం హైదరాబాద్‌లో రెండుసార్లు మార్చిన కేబుల్ ఆ దారికి చిట్టచివరి రెండు మీటర్లు మాత్రమే. మిగతా దారంతా చూడనే లేదు.

"మరి పింగ్ బాగానే పోతోందిగా" అన్నది అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న. పింగ్ అంటే అవతలికి ఒక ప్యాకెట్ పంపి తిరిగొస్తుందా అని చూడడం. దీని జవాబులో ఒక చక్కని లెక్క ఉంది. లైన్ మీద సగటున లక్ష బిట్లకు ఒకటి చెడుతోందనుకుందాం. రౌటర్ నుంచి మామూలుగా కొట్టే పింగ్ 100 బైట్లు, అంటే 800 బిట్లు. అలాంటి ప్యాకెట్ చెడే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. అయిదు పింగ్‌లు కొడితే అయిదూ తిరిగొస్తాయి, తిరిగొచ్చినదానికొకటి చొప్పున తెర మీద అయిదు ఆశ్చర్యార్థకాలూ వరసగా మెరుస్తాయి. 1500 బైట్ల ప్యాకెట్‌లో 12,000 బిట్లున్నాయి. అందులో ఒక్కటి చెడినా మొత్తం ప్యాకెట్ చెత్తే. దాని లెక్క నూటికి 11 దాకా పోతుంది. నూటికి పదకొండు పోయే దారిలో టీసీపీ నడవలేదు, తడబడి కూర్చుంటుంది. ఫైలు కాపీ ఆగిపోవడం, పింగ్ నవ్వుతూ ఉండడం రెండూ ఒకే కారణం నుంచి పుట్టాయి. నిజమైన లైన్ల మీద ఎర్రర్లు ఇంత సమానంగా రావు, గుంపులుగా వస్తాయి, కాబట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ పెద్ద ప్యాకెట్‌కే పెద్ద దెబ్బ అన్నది మారదు. అందుకే లైన్‌ని పరీక్షించేటప్పుడు పింగ్ సైజు 1500, సంఖ్య వెయ్యి పెట్టండి.

పాత సిస్కో పుస్తకాల లెక్కలో ఇన్‌పుట్ ఎర్రర్లు మొత్తం ట్రాఫిక్‌లో ఒక శాతం దాటితే లైన్‌లో లోపం ఉన్నట్టే. నేను అంత ఉదారంగా ఉండను. ఆరోగ్యంగా ఉన్న ఈ1 మీద రోజంతా సున్నా కనబడడం మామూలే. రోజూ కొన్ని పదులు పెరుగుతున్నా ఎందుకని అడగాలి, ఎందుకంటే తడి జాయింట్లు చిన్న అంకెతోనే మొదలవుతాయి.

ఇంకో మాట, కౌంటర్‌కి తేదీ ఉండదు. లక్ష సీఆర్‌సీ అని చూసి టెన్షన్ పడేముందు పైన "లాస్ట్ క్లియరింగ్" దగ్గర ఏముందో చూడండి. "నెవర్" అని ఉంటే ఆ లక్ష రెండేళ్ళ క్రితం ఒక తుపాను రాత్రి పడినవీ కావచ్చు. ముందు ఉన్నదంతా కాపీ చేసి దాచుకుని, కౌంటర్లు క్లియర్ చేసి, గంటకోసారి రెండు చివర్లా రాసుకోండి. పెరిగిన అంకె, పెరిగిన వేళ, పెరిగిన దిక్కు. నాలుగు గంటల పట్టిక రాస్తే చాలు, జబ్బు ఏమిటో సగం తెలిసిపోతుంది.

రెండు గడియారాలు

అమీర్‌పేటలో సిస్కో వాళ్ళ సీసీఎన్ఏ పరీక్షకు నేర్చుకున్న వాళ్ళెవరికైనా ఒక కమాండ్ గుర్తుండి ఉంటుంది: "క్లాక్ రేట్ 64000". రెండు రౌటర్లను సీరియల్ కేబుల్‌తో కలిపి, క్లాక్ ఇచ్చే డీసీఈ చివరన అది కొడితే తప్ప ప్రొటోకాల్ అప్ అయ్యేది కాదు. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ మాటలోనే సీరియల్ లైన్ ప్రాణం ఉంది. ఏ బిట్ ఎప్పుడు చదవాలో చెప్పే తాళం, పాటకు వేసే తాళం లాంటిది, ఒకటి కావాలి, ఆ తాళం వేసేవాడు ఒక్కడే ఉండాలి.

అసలు లైన్ మీద ఆ తాళం ప్రొవైడర్ నెట్‌వర్క్ నుంచి రావాలి. మన కన్వర్టర్ (ఈ1 తీగను రౌటర్ కేబుల్‌కి కలిపే మోడెమ్ పెట్టె) లైన్ నుంచే క్లాక్ తీసుకోవాలి. పొరపాటున దాన్ని సొంత క్లాక్ మీద పెడితే ఏమవుతుంది? ఈ1 వేగానికి జీ.703 ప్రమాణం ఇచ్చే సడలింపు పది లక్షలకు 50. అంత తేడా ఉంటే సెకనుకు సుమారు 102 బిట్లు ఎక్కువో తక్కువో అవుతాయి. ఈ1లో బిట్లు కట్టలుగా పోతాయి, ఆ కట్టనూ ఫ్రేమ్ అనే అంటారు, ఒక్కోటి 256 బిట్లు. అంటే రెండున్నర సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ మొత్తం పోవడమో, రెండుసార్లు రావడమో జరుగుతుంది. దీన్ని స్లిప్ అంటారు. ఆ క్షణాన దారిలో ఉన్న ప్యాకెట్ చెడుతుంది. కన్వర్టర్ మీద ఆకుపచ్చ దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. గుర్తుపట్టే మార్గం ఏమిటంటే, క్లాక్ ఎర్రర్లు గడియారంలా వస్తాయి. ఎండ, వాన, పగలు, రాత్రి తేడా ఉండదు. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు చెడడానికి ప్యాకెట్ ఉండదు కాబట్టి అంకె తక్కువగా కనబడుతుంది, లోడ్ పెరిగితే అంకె పెరుగుతుంది. దాన్ని చూసి లోడ్ వల్లే ఎర్రర్లు వస్తున్నాయని పొరబడతారు.

రౌటర్‌నీ మోడెమ్‌నీ కలిపే వీ.35 కేబుల్ పొడుగు కూడా క్లాక్ సమస్యే. మోడెమ్ క్లాక్‌ని రౌటర్‌కి పంపుతుంది, రౌటర్ ఆ తాళానికి డేటా పెడుతుంది, డేటా మళ్ళీ కేబుల్ వెంట మోడెమ్‌కి పోతుంది. 2 ఎంబీపీఎస్ దగ్గర ఒక బిట్ ఉండేది 488 నానోసెకన్లే. 15 మీటర్ల కేబుల్‌లో వెళ్ళి రావడానికే నూట యాభై దాకా పోతాయి, చిప్‌ల ఆలస్యం అదనం. బిట్ నడుమ చదవాల్సింది అంచు మీద చదివితే ఎర్రర్లు పడతాయి. 64 కేబీపీఎస్ మీద ఒక బిట్ 15 మైక్రోసెకన్లకు పైగా ఉంటుంది కాబట్టి అదే కేబుల్ అప్పుడు ఏ పేచీ పెట్టదు. లైన్ అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచే ఎర్రర్లు మొదలైతే ఇది గుర్తు చేసుకోండి. రౌటర్ అందుకున్న క్లాక్‌ని డేటాతో పాటే తిప్పి పంపే ఏర్పాటు మోడెమ్‌లో ఉంటే, దాని పేరు ఎస్‌సీటీఈ, అది ఆన్ చేయాలి. లేకపోతే రౌటర్‌లో ట్రాన్స్‌మిట్ క్లాక్‌ని తిరగవేసి సగం బిట్ జరపవచ్చు. అన్నిటికంటే మంచిది చిన్న కేబుల్.

లూప్ పెట్టి చూడడం

దిక్కు తెలిశాక చోటు తెలియాలి. దానికి లూప్. ముందు మన పక్కనున్న మోడెమ్‌లో లోకల్ లూప్ పెట్టి, మన ప్యాకెట్ మనకే తిరిగొచ్చేలా చేసి ఎర్రర్లు చూడాలి. పడితే లోపం మన గదిలోనే ఉంది. పడకపోతే లూప్‌ని ఒక్కో మజిలీ ముందుకు జరుపుతూ, అవతలి మోడెమ్ దాకా పోవాలి. ఎక్కడ దాకా శుభ్రంగా ఉండి ఎక్కడ చెడిందో ఆ రెంటి నడుమ లోపం. హెచ్‌డీఎల్‌సీ బదులు పీపీపీ అనే ప్రొటోకాల్ పెట్టిన లైన్ అయితే లూప్ పెట్టగానే అది తన నీడను తానే గుర్తుపట్టి పైకి రాదు, కాబట్టి పరీక్ష జరిగినంతసేపు హెచ్‌డీఎల్‌సీకి మార్చుకోండి. "లూప్డ్" అని తెర మీద వస్తే భయపడకండి, మనకు కావాల్సింది అదే. పరీక్ష అయ్యాక లూప్ తీయడం మరిచిపోకూడదు. తీయని లూప్ వల్ల మర్నాడు పొద్దున జరిగే గందరగోళం నేను చూశాను.

లూప్ మీద ఎక్స్‌టెండెడ్ పింగ్‌లో డేటా ప్యాటర్న్ (పంపే బిట్ల వరస) మార్చి చూడడం మంచి ఉపాయం. అన్నీ సున్నాలు పంపితే లైన్ కోడింగ్ తప్పులు బయటపడతాయి. మన దేశంలో ఈ1 మీద వాడే హెచ్‌డీబీ3 పద్ధతి వరసగా నాలుగు సున్నాలు వస్తే వాటి స్థానంలో వేరే గుర్తు పంపుతుంది, అవతలి వైపుకి తాళం తప్పకుండా. ఒక చివర ఆ పద్ధతి, ఇంకో చివర ఆ మార్పిడి లేని ఒట్టి ఏఎంఐ పద్ధతి ఉంటే సున్నాల పింగ్ కూలిపోతుంది, మిగతావి నడుస్తాయి. ఒకే ఒక రకం ఫైలు మాత్రం కాపీ అవడం లేదని ఎవరైనా అంటే నవ్వి కొట్టిపారేయకండి. అలాంటి ఫైలులో సున్నాలు గుంపులుగా ఉండి ఉండవచ్చు.

క్యారియర్ ట్రాన్సిషన్స్ అనే అంకె పెరుగుతుంటే ఇన్ని పరీక్షలు అక్కర్లేదు. క్యారియర్ సిగ్నలే వచ్చి పోతోంది. వానాకాలంలో జాయింట్ గుంటల్లో నీళ్ళు నిలిచినప్పుడు, రోడ్డు తవ్వినప్పుడు, మోడెమ్‌కి కరెంటు పోయి వచ్చినప్పుడు అది పెరుగుతుంది. ఇంటర్‌ఫేస్ రీసెట్స్ మాత్రం పెరిగి ఇది పెరగకపోతే, పంపాల్సిన ప్యాకెట్లు కొన్ని సెకన్ల పాటు కదలక రౌటరే ఇంటర్‌ఫేస్‌ని మళ్ళీ మొదలుపెడుతోందన్నమాట.

ప్రొవైడర్‌కి టికెట్ పెట్టేటప్పుడు "లైన్ స్లో" అని రాయకండి. ఆ మాటకు జవాబు ఎప్పుడూ "క్లియర్" అనే వస్తుంది, ఎందుకంటే వాళ్ళు చూసేది లైన్ లేచి ఉందా లేదా అని. ఏ దిక్కులో, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎన్ని ప్యాకెట్లకు ఎన్ని సీఆర్‌సీలు, లోకల్ లూప్ శుభ్రంగా ఉందా, ఇవి రాసి, ఆ దిక్కున బిట్ ఎర్రర్ టెస్ట్ పెట్టమని అడగండి. అయిదు నిమిషాల పరీక్ష చాలదు, రాత్రంతా నడపమనండి. లైన్ మనిషి వచ్చినప్పుడు పక్కన నిలబడండి. అతనికి మన రౌటర్ అంకెలు తెలియవు, మనకు అతని మీటర్ అంకెలు తెలియవు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గంటలో తేలే పని ఫోన్ల మీద వారాలు పడుతుంది.

మా బ్రాంచిలో చివరికి జరిగింది అదే. బ్రాంచి మోడెమ్ దగ్గర లూప్ పెడితే హైదరాబాద్‌లో ఎర్రర్లు కనబడ్డాయి. లైన్ మనిషి అక్కడికి వెళ్ళి కన్వర్టర్ వెనక ఉన్న రెండు కోయాక్స్ తీగలు చూశాడు. రెండూ అదే గదిలో ఉన్న యూపీఎస్ పవర్ కేబుల్‌తో కలిపి ఒకే టై వేసి కట్టి ఉన్నాయి. పంపే తీగ బీఎన్‌సీ కనెక్టర్ చేత్తో తిప్పితే తిరిగిపోతోంది, క్రింపింగ్ పట్టలేదు. కొత్త కనెక్టర్ కొట్టి, తీగలను పవర్ కేబుల్ నుంచి విడదీసి వేరే దారిన లాగాడు. ఆ రాత్రి బ్యాకప్ పూర్తయింది. పొద్దున హైదరాబాద్‌లో సీఆర్‌సీ సున్నా.

పది గంటల ఇబ్బంది మాత్రం అలాగే ఉంది. అది వేరే జబ్బు కదా. హైదరాబాద్ రౌటర్ అవుట్‌పుట్ డ్రాప్స్ చూస్తే పదింటికి మొదలై పదకొండుకి ఆగుతున్నాయి. బ్రాంచిలో కంప్యూటర్లన్నీ ఆన్ చేయగానే ఒక్కొక్కటీ విడివిడిగా యాంటీవైరస్ అప్‌డేట్ లాగుతోంది. ఒకే ఫైలు, అంతమంది కోసం అన్నిసార్లు, ఆ చిన్న తూములోంచి. బ్రాంచిలోనే ఒక మెషీన్ పెట్టి, అది రాత్రి బ్యాకప్ అయ్యాక ఒక్కసారి తెచ్చుకుని మిగతావాటికి పంచేలా చేశాం. రాత్రి దారి బాగుపడి ఉండబట్టే ఆ పని రాత్రికి మార్చగలిగాం. మర్నాడు పదింబావుకి బ్రాంచికి నేనే ఫోన్ చేసి స్క్రీన్ తెరుచుకుందా అని అడిగాను. తెరుచుకుంది. రెండో లైన్ కోసం అడిగిన కొటేషన్ వెనక్కి తీసుకున్నాం.